ఏ తిరుమలగిరి?

తిరుమలగిరి అనే పేరుగల ఊళ్ళు మన తెలుగునేల మీద ఎన్ని వున్నాయో మీకు తెలుసునా? నాకూ తెలియదు. మొన్నటిదాకా తెలుసుకోవలసిన అగత్యమూ కలగలేదు. సికిందరాబాదులో కంటోన్మెంటును ఆనుకుని ఒక తిరుమలగిరి వున్నది. దొరలకు నోరు తిరగక దాన్ని ట్రిమల్‌గెరీ చేశారు. నాగార్జునసాగరం దగ్గర ఒకటి వున్నది. జగ్గయ్యపేట పక్కన వెంకటేశ్వరస్వామి గుడి వున్నది మరొకటి. తిరుమల అంటే పవిత్రమైన కొండ. గిరి అన్నా కొండే. ఒక కొండ చాలక రెండు కొండలు కలిపి పేరు పెట్టుకునే అలవాటు మనవాళ్ళకు చాలాచోట్ల వున్నట్టున్నది.

ఈ సంగతంతా నాకు మా అమ్మాయి ఉద్యోగం మూలంగా తెలిసివచ్చింది. బ్యాంకులో ఆఫీసరుగా తీసుకుంటున్నామని, తిరుమలగిరి శాఖలో చేరమని వుత్తర్వు వచ్చిన రోజున మా ఇంట్లో పండుగ చేసుకున్నాం. “హైదరాబాదులోనేనటండీ, సికిందరాబాదు పక్కనే!” అని మా ఆవిడ బెజవాడలో వున్న చుట్టాలందరికీ చెప్పేసింది. లడ్డూలు పంచడం పూర్తి అయిన తరువాత అమ్మాయి కాగితం మళ్ళీ చదివి, “నాన్నా, ఇందులో సూర్యాపేట జిల్లా అని వున్నదే!” అన్నది. పంచిన లడ్డూలు వెనక్కు తీసుకోలేం గదా!

అమ్మాయి వెళ్ళి చేరింది. చేరిన నాటి నుంచీ రోజూ రాత్రి టెలిఫోనులో ఒకటే మాట: “ఈ ఊళ్ళో ఏముంది నాన్నా? నాలుగు రోడ్లు. ఆ రోడ్లమీద వెళ్ళిపోయే బస్సులు. అంతే.” మూడు నెలలు గడిచేసరికి ఆ మాట కూడా తగ్గిపోయింది. ‘తిన్నావా’ అంటే తిన్నానని, ‘ఎట్లా వున్నావు’ అంటే వున్నానని. ఆడపిల్ల మాటలు తగ్గిస్తే తల్లికి నిద్ర పట్టదు. “మీరు వెళ్ళి చూసి రండి. బాగుండకపోతే పిల్లను తీసుకొచ్చెయ్యండి. బ్యాంకులు ఇంకా బోలెడున్నాయి” అని మా ఆవిడ తీర్పు చెప్పింది. అందుకని మాఘమాసంలో ఒక శనివారం నాడు, ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో పండుమిరపకాయ పచ్చడి జాడీ పట్టుకుని బస్సెక్కాను.

నేను ముప్ఫైరెండేళ్ళు హైస్కూల్లో సోషలు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే కనబడిన ప్రతి ఊరి గురించీ పక్కవాళ్ళకు పాఠం చెప్పాలనిపిస్తుంది. జగ్గయ్యపేట దాటి, కోదాడ దాటి, మునగాల వచ్చింది. ఇది ఒకప్పుడు నిజాం రాజ్యం మధ్యలో ద్వీపంలాగా వున్న ఇంగ్లీషువారి కృష్ణాజిల్లా జమీందారీ. దాని రాజా నాయని వెంకటరంగారావుగారు, దివాను కొమర్రాజు లక్ష్మణరావుగారు కలిసి మిత్రులతో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించారు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకునేవాళ్ళకు అంతటి ఆసరా ఈ చిన్న పరగణా నుంచి పుట్టింది. ఈ కథ పక్కసీటు పెద్దమనిషికి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, “తమరు ఎక్కడ దిగుతారు?” అన్నాడు. ఎంత త్వరగా దిగిపోతే అంత మేలని కాబోలు.

సూర్యాపేటకు పాతపేరు భానుపురి. దానికి కొద్దిదూరంలోనే పిల్లలమర్రి. కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్లు పదమూడో శతాబ్ది మొదట్లో కట్టించిన ఎరకేశ్వర, నామేశ్వరాలయాలు అక్కడే వున్నాయి. పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు కూడా ఈ ఊరిదే. ఆగి చూద్దామనిపించింది గాని చేతిలో జాడీ వున్నది. మనసులో పిల్ల వున్నది.

సూర్యాపేటలో బస్సు మారాను. “తిరుమలగిరికి ఒకటి” అన్నాను. కండక్టరమ్మ నా వాలకం చూసి, “ఏ తిర్మలగిరి సార్? జనగాం తొవ్వల ఉన్నదేనా?” అన్నది. అవునన్నాను. బస్సు నిండా ఆడవాళ్ళే. 2023 డిసెంబరు నుంచి తెలంగాణా బస్సుల్లో ఆడవారికి టిక్కెట్టు డబ్బు లేదు. కూరగాయల గంపలవాళ్ళు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి పోయి వస్తున్న ముసలమ్మలు, పుట్టింటికి పోతున్న కోడళ్ళు. ఆ మహాసభలో డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నవాళ్ళం నేనూ, ఇంకో నలుగురూను. సీటు మాత్రం మాకే లేదు. చివరకు ఒక ముసలమ్మ జరిగి, “కూసో బిడ్డా, ఆ కుండ ఒళ్ళె పెట్టుకో” అన్నది. అరవై దాటినవాణ్ణి ‘బిడ్డా’ అని పిలిచేవాళ్ళు ఇంకా వున్నారు సుమండీ!

సూర్యాపేట నుంచి జనగామ పోయే ఈ రోడ్డు ఎర్రటి చెలక నేలల మీదుగా, నల్లరాతి గుట్టల మధ్యగా సాగుతుంది. మా వైపు కొండలు వరసగా గోడ కట్టినట్టు వుంటాయి. ఇక్కడి గుట్టలు అట్లా కాదు. మైదానం మధ్యలో ఎవరో బండలు తెచ్చి కుప్ప పోసి పోయినట్టు ఒక్కొక్కటే లేచి నిలబడతాయి. గుట్ట కింద చెరువు, చెరువు కింద వరిపొలం, గట్టుమీద తాటిచెట్లు. యాసంగి నాట్లు సాగుతున్నాయి. అర్వపల్లి వచ్చింది, అక్కడ యోగానంద లక్ష్మీనరసింహస్వామి గుడి. తరువాత నాగారం. ఆ పైన ఒక అడ్డరోడ్డు దగ్గర ‘ఫణిగిరి’ అన్న బోర్డు కనబడింది. ఎక్కడో విన్నపేరు లాగా వున్నది. గుర్తు చేసుకునే లోపలే తిరుమలగిరి వచ్చింది.

అమ్మాయి చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నాలుగు రోడ్ల కూడలి. ఒకటి సూర్యాపేటకు, ఒకటి జనగామకు, ఒకటి మోత్కూరుకు, ఒకటి తుంగతుర్తికి. కూడలి చుట్టూ ఎరువుల దుకాణాలు, బట్టల దుకాణాలు, సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్ళు, మిరపకాయబజ్జీల బండ్లు. ధాన్యం వచ్చి పడే వ్యవసాయ మార్కెట్టు. 2016లో జిల్లాలు విడదీసేదాకా ఇది నల్లగొండ జిల్లా. 2018లో మునిసిపాలిటీ అయింది. ఊరని అనాలో పట్నమని అనాలో ఎవరికి వారే తేల్చుకోవాలి.

అమ్మాయి ఒక ఇంట్లో వెనకభాగం అద్దెకు తీసుకున్నది. ఇంటావిడ పెద్దామె. నన్ను చూడగానే గడపలోకి చెంబుతో నీళ్ళు తెచ్చి, “నీ బిడ్డ మస్తు మంచిది సార్. గని బువ్వ సక్కగ తింటలేదు. జర జెప్పుండ్రి” అన్నది. నేను అమ్మాయి ముఖం చూశాను. చిక్కిపోయింది. కళ్ళ కింద నల్లబడింది. పచ్చడి జాడీ చూసి నవ్వబోయి, ఎందుకో కళ్ళు తుడుచుకున్నది.

రాత్రి భోజనాలైన తరువాత ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. బదిలీ కోరుతూ పైవారికి రాసిన దరఖాస్తు. తేదీ మాత్రం వెయ్యలేదు.

“ఇంకా పంపలేదేమమ్మా?” అన్నాను.

“మీరు వచ్చాక అడిగి పంపుదామని. చెడ్డ మనుషులు కాదు నాన్నా. పని కూడా కష్టమేమీ కాదు. కాని ఇక్కడ నేనేం చేస్తున్నానో నాకే తెలియడం లేదు. బస్సు ఆగిన చోట దిగిపోయి, రెండో బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టుగా వుంది.”

పెద్దవాణ్ణి గదా, ఏదో ఒకటి చెప్పాలి. రేపు ఆదివారం, సెలవు. ఆలోచిద్దాంలే అన్నాను.

పొద్దున్నే ఇంటావిడ చాయ్ ఇస్తూ, “ఇయ్యాల ఇంట్ల కూసుని ఏంజేస్తరు? పనిగిరి గుట్టకు పోయి రాండ్రి. దేశాలోళ్ళు వచ్చి సూసి పోతుండ్రు. మన బిడ్డ ఇంకా పోనే లేదు” అన్నది. అప్పటికి నాకు గుర్తు వచ్చింది, ఆ పేరు ఎక్కడ విన్నానో. కొన్నేళ్ళ కిందట పత్రికలో చూశాను: అమెరికాలో న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ మ్యూజియంలో 2023 జులై నుంచి నవంబరు దాకా జరిగిన ప్రాచీన బౌద్ధశిల్ప ప్రదర్శనలో, ఫణిగిరి తోరణపు రాతి దూలం కొలువు తీరిందని. అది ఏ ఫణిగిరో అప్పుడు ఆరా తియ్యలేదు. నా కూతురు వుండే ఊరికి కూతవేటు దూరంలో వున్న ఫణిగిరి అని ఎట్లా అనుకుంటాను?

ఆటో మాట్లాడుకుని బయలుదేరాం. ఊరు సమీపించేసరికి గుట్ట కనబడింది. పేరు పెట్టినవాడెవడో గాని కవి అయివుండాలి. పడగ విప్పి తల ఎత్తిన పాములాగే వున్నది. ఫణి అంటే పడగగల పాము, గిరి అంటే కొండ. ఊరి పొలిమేరలో బిక్కేరు వాగు. ఈ బిక్కేరు పోయి మూసీలో కలుస్తుంది. మూసీ పోయి మిర్యాలగూడ అవతల వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే ఈ గుట్టమీద కురిసిన చినుకు చివరకు మా బెజవాడ బ్యారేజీకే రావాలన్నమాట. ఈ సంగతి అమ్మాయికి చెప్పాను. “అందుకే మీరు కూడా ఆ దారినే వచ్చారు, ఎదురు ఈదుకుంటూ” అన్నది. మూడు నెలల తరువాత ఆ పిల్ల నోట పరిహాసం విన్నాను.

గుట్ట కింద మేకలు కాస్తున్న ఒక ముసలాయన మాకు దారి చూపిస్తానని వచ్చాడు. “మెల్లగ ఎక్కుండ్రి సార్. తొందరేం లేదు. వాళ్ళు పోయి ఎన్నేండ్లాయె” అన్నాడు. పైకి వెళ్ళి చూద్దును గదా, గుట్ట నెత్తిమీద సుమారు 16 ఎకరాల బల్లపరుపు. ఇటుకలతో కట్టిన మహాస్తూపపు గుండ్రటి దిమ్మె. ఏనుగు వీపులాగా ఒక వైపు గుండ్రంగా తిరిగిన చైత్యగృహాల పునాదులు. రాతి స్తంభాలు వరసగా నిలబడిన సభామండపం. భిక్షువులు పడుకున్న చిన్నచిన్న గదుల ఆనవాళ్ళు. ఒకచోట రాతిమీద చెక్కిన బుద్ధపాదాలు. అమ్మాయి చెప్పులు విడిచి నిలబడింది. ఎవరూ చెప్పలేదు.

నిజాం ప్రభుత్వ కాలంలో, 1940ల్లో, పురావస్తుశాఖవారు మొదటిసారి ఈ గుట్టను తవ్వి చూశారు. తరువాత చాలాకాలం దీని ఊసెత్తినవారు లేరు. 2001 నుంచి 2007 దాకా వరసగా తవ్వినప్పుడు దీని వైభవం బయటపడింది. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్ది ప్రాంతం నుంచి నాలుగో శతాబ్ది దాకా ఇక్కడ భిక్షువులు వున్నారు. శాతవాహనుల నాణేలు, ఇక్ష్వాకుల నాణేలు, రోమను నాణేలు దొరికాయి. బుద్ధుడి కథలు చెక్కిన సున్నపురాతి పలకలు దొరికాయి. 2019లో ఇటుకల మీద గచ్చుపూత పూసి తీర్చిన, ఇంచుమించు నిలువెత్తు బోధిసత్త్వ విగ్రహం ఒకటి బయటపడింది.

ఇక్కడ ఒక చిత్రం గమనించాలి. గుట్ట నల్లరాతి గుట్ట. శిల్పాలు మాత్రం పల్నాటి సున్నపురాయి. ఆ రాయి ఇక్కడ దొరకదు. దక్షిణాన కృష్ణాతీరంలో, హుజూర్‌నగర్, మట్టపల్లి వైపు, అవతల పల్నాటిలో దొరుకుతుంది. ఇవాళ ఆ రాతితోనే అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. అంత దూరం నుంచి రాయి ఇక్కడికి చేరిందంటే, అప్పటికే ఇక్కడికి మంచి బండిదారి వుండాలి గదా! దక్కను లోపలి పట్నాల నుంచి తూర్పుతీరపు రేవులకు పోయే వర్తకపు బాట ఈ ప్రాంతం మీదుగానే సాగేది. చుట్టూ వర్ధమానుకోట, గాజులబండ, నాగారం, అర్వపల్లి, చివరకు మన తిరుమలగిరిలో కూడా ఆనాటి బౌద్ధావశేషాలు కనబడ్డాయి. భిక్షువులకు ఊరు మరీ దగ్గరైతే ధ్యానం సాగదు. మరీ దూరమైతే భిక్ష దొరకదు. బాటకు దగ్గరగా, సందడికి దూరంగా, వాగు పక్కన గుట్ట. చోటు ఏరుకోవడంలో వాళ్ళను మించినవాళ్ళు లేరు.

“నాలుగు రోడ్లు తప్ప ఏముంది అన్నావు. ఆ రోడ్లే గదమ్మా వున్నవి! రెండు వేల ఏళ్ళ నుంచీ వున్నవి” అన్నాను. పాఠం బాగా కుదిరిందని నాలో నేను మెచ్చుకున్నాను.

అంతలో నా గర్వం కాస్తా దిగిపోయే ఘట్టం వచ్చింది. ఫణిగిరిలో దొరికిన ఒక స్తంభం మీద శాసనం వున్నది. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరంలో, రాజుగారి ప్రధాన వైద్యుడు ఇక్కడ ధర్మచక్రాన్ని ఎత్తించాడని ఆ శాసనం చెబుతుంది. అమ్మాయి తన ఫోనులో ఆ సంగతి చదివి వినిపిస్తున్నది. నేను, “ఆగు, ఆగు. ఎన్నో సంవత్సరం?” అన్నాను. “పద్ధెనిమిది.” నా కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు. ఈ నలుగురినీ నేను ముప్ఫైరెండేళ్ళు వల్లె వేయించాను. ఆఖరివాడు పదకొండేళ్ళు ఏలాడని నోట్సు చెప్పించాను. పన్నెండని రాసినవాడికి మార్కు కోసేశాను! ఏటేటా పిల్లలను లాంచీలో నాగార్జునకొండకు తీసుకుపోయి, ‘విజయపురి సాగరంలో మునిగిపోయింది, ఇక్ష్వాకుల గురించి ఇంక కొత్తగా తెలిసేదేముంది’ అని కూడా అనేవాణ్ణి. మునగని గుట్ట ఒకటి ఇక్కడ నిలబడి, నా లెక్క తప్పని చెబుతూ వున్నది. వచ్చి చూడనివాణ్ణి నేనే.

ముసలాయన నా అవస్థ చూసి, ఎండదెబ్బ తగిలిందనుకుని బండనీడకు తీసుకుపోయాడు. అక్కడ కూర్చుని, “మా రాయి అమెరికా పోయింది సార్, ఇమానంల. నేనైతే పట్నం సూడక పదేండ్లాయె” అని నవ్వాడు. ఆ నవ్వులో కినుక లేదు. మనవరాలికి మంచి సంబంధం వచ్చి పై దేశం పోయిందని చెప్పుకునే తాతగారి నవ్వు అది. న్యూయార్కు తరువాత ఆ ప్రదర్శన కొరియా దేశపు సియోలు నగరానికి కూడా వెళ్ళిందని నేను చెబితే, “గట్లనా!” అని మేకల వంక చూశాడు, వాటికి కూడా తెలియాలన్నట్టు.

తరువాత ఆయనే ఒక వైపు చెయ్యి చూపించి, “మొన్న ఈడనే పైసల కుండ ఎల్లింది” అన్నాడు. 2024 మార్చి నెలాఖరున తవ్వుతుంటే ఒక మట్టికుండ బయటపడింది. మూతి పెంకుతో మూసి, జాగ్రత్తగా పాతిపెట్టి వున్నది. లోపల 3,730 నాణేలు. అన్నీ సీసం నాణేలే. ఒక వైపు ఏనుగు, మరో వైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలంవని పండితులు నిర్ణయించారు. ఒక్కొక్కటి సగటున 2.3 గ్రాములట, అంటే కుండలో ఎనిమిదిన్నర కిలోల సీసం. బంగారం కాదు, వెండి కాదు. సంతలో వుప్పుకూ, పప్పుకూ చెల్లే చిల్లర. ఎవరో కూడబెట్టారు. ఎందుకో భయపడ్డారు, లేదా ఎక్కడికో వెళ్ళవలసి వచ్చింది. తిరిగి వచ్చి తీసుకుందామని దాచారు. రాలేదు.

అమ్మాయి చాలాసేపు ఆ చోటు వంకే చూస్తూ నిలబడింది. చివరకు, “ఇది డిపాజిట్టే నాన్నా” అన్నది. “పదేళ్ళపాటు ఎవరూ తాకని ఖాతాలోని డబ్బు మేం రిజర్వు బ్యాంకు నిధికి పంపిస్తాం. ఆ తరువాత వారసులు వచ్చినా అడిగి తీసుకోవచ్చు. ఇది పదిహేడు వందల ఏళ్ళ నాటిది. ఇంకా ఎవరూ రాలేదు.”

పరిహాసంగా మొదలుపెట్టిన మాట మధ్యలో గొంతు మారింది. బండ మీద నా పక్కన కూర్చుని, అంతవరకూ నాకు చెప్పని సంగతి చెప్పింది. బ్యాంకులో చేరిన మూడో రోజున ఒక ముసలామె వచ్చిందట. చీర కొంగులో ముడి విప్పి, నలిగిన నోట్లు బల్లమీద పోసి, లెక్కపెట్టమన్నదట. ఆవుదూడను అమ్మిన డబ్బు. రసీదు చేతికిస్తే తీసుకోకుండా, “నువ్వుంటవా బిడ్డా, పోతవా? వచ్చినోళ్ళందరు పోతనే ఉంటరు. నా పైసలు ఎవలకు యాదుంటయి?” అని అడిగిందట.

“డబ్బు బ్యాంకులో వుంటుందమ్మా, నేను వున్నా లేకపోయినా అని చెప్పాను నాన్నా. అది నిజమే గదా! కాని ఆమె అడిగింది అది కాదు. అప్పటి నుంచీ వారం వారం వస్తుంది. డబ్బు తీసుకోవడానికి కాదు. నేను వున్నానో లేదో చూసుకుని పోవడానికి. దరఖాస్తు రాసిన రోజున కూడా వచ్చింది. తేదీ వెయ్యబోయి ఆగిపోయాను.”

నేనేమీ మాట్లాడలేదు. ముప్ఫైరెండేళ్ళ ఉపాధ్యాయవృత్తిలో నేను నేర్చుకున్న గొప్ప విషయం ఒకటున్నది: పిల్లలు తమంతట తాము లెక్క చేసుకుంటున్నప్పుడు నోరు మూసుకుని వుండడం.

ఎండ ముదిరేసరికి కిందికి దిగాం. ముసలాయనకు డబ్బివ్వబోతే తీసుకోలేదు. అమ్మాయి చేతిసంచీలోంచి అరటిపళ్ళు తీసి ఇస్తే తీసుకుని, “బాంకుల ఉంటవు గద బిడ్డా, నువ్వు? మా కోడలు జెప్పింది” అన్నాడు. మా పిల్లను ఈ చుట్టుపక్కల ఇంతమంది ఎరుగుదురని ఆమెకే తెలియదు.

సాయంకాలం ఇంటావిడ అరుగుమీద కూర్చుని కబుర్లు చెప్పింది. ఈ రోడ్డునే జనగామ వైపు పోతే దేవరుప్పుల, ఆ పక్కన కడవెండి. 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలి అయిన ఊరు. అక్కడ రాజుకున్న నిప్పు 1951 దాకా ఈ గుట్టల మధ్య మండింది. ఇటు తుంగతుర్తి వైపు కర్విరాల కొత్తగూడెం. భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం పుట్టిన ఊరు. పదిహేనేళ్ళయినా నిండా దాటని వయసులో పోరాటంలో దిగిన ఆ పిల్లే, తరువాత 1978లోనూ 1983లోనూ తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికైంది. 2022లో కాలం చేసింది. “మా అత్త సంగపోళ్ళకు గటుక మోసింది. గంప మీద గడ్డి కప్పుకొని పోయేదట, పోలీసోళ్ళ ముంగట్నుంచే” అని ఇంటావిడ చెబుతుంటే అమ్మాయి దగ్గరగా జరిగి కూర్చున్నది.

నీళ్ళ సంగతి కూడా వచ్చింది. ఈ నేల కృష్ణ వైపు వాలిన నేల. కాని పైరుకు ఆశ మాత్రం గోదావరి. 1963లో పోచంపాడు దగ్గర నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగరపు నీళ్ళు కాకతీయ కాలువ వెంట, రెండో దశ కాలువల్లో, ఇంత దూరం రావాలి. కాలువ చివరి ఊళ్ళ కష్టం మీకు తెలిసిందే. వచ్చిన ఏడు పంట. రాని ఏడు ఆకాశం వంక చూపు. “మా దాంక అచ్చేది ఆఖరుకే సార్. గని అస్తయి” అన్నది ఇంటావిడ. చివరనున్నవాళ్ళకు సహనం ఎక్కువ. అయితే ఎవరైనా ‘వస్తాం’ అంటే మాత్రం, వచ్చేదాకా నమ్మరు.

మర్నాడు సోమవారం. నా తిరుగుప్రయాణం. అమ్మాయి బ్యాంకుకు వెళ్ళేముందు ఆ కాగితం తీసింది. చింపుతుందేమోనని చూశాను. చింపలేదు. మడిచి సొరుగులో పెట్టి, “ఒక ఏడాది చూస్తాను నాన్నా. అప్పటికీ ఇట్లాగే వుంటే తేదీ వేస్తాను” అన్నది. నాకు ఆ మాట నచ్చింది. ఉద్రేకంలో చింపిన కాగితాన్ని మళ్ళీ రాసుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

“అమ్మకు ఏమని చెప్పను?” అన్నాను.

“వేసవిలో వచ్చి చూడమనండి. గుట్ట ఎక్కిస్తాను.”

బస్సు కోసం చౌరస్తాలో నిలబడ్డాను. నాలుగు వైపుల నుంచీ బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. మొన్న వచ్చేటప్పుడు ఈ కూడలిలో వెళ్ళిపోయేవాళ్ళే కనబడ్డారు. ఇవాళ నిలబడ్డవాళ్ళు కూడా కనబడుతున్నారు. బ్యాంకు ఇంకా తెరవలేదు. మెట్లమీద ఒక ముసలామె కొంగు సర్దుకుంటూ కూర్చుని వున్నది. ఆమే ఈమె అవునో కాదో నాకు తెలియదు. అడగలేదు.

బెజవాడ చేరేసరికి రాత్రి అయింది. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి నా వెనక చూసింది. పిల్ల లేదు, ఖాళీ జాడీ కూడా లేదు. జరిగినదంతా చెప్పాను. గుట్ట, స్తంభం, సీసం నాణేలు, కొంగుముడి ముసలామె. కోపంగా వింటుందనుకున్నాను. మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు. పొద్దున్నే పక్కింటావిడ వచ్చి, “అమ్మాయి ఎక్కడున్నదండీ, సికిందరాబాదు తిరుమలగిరేనా?” అన్నది. మా ఆవిడ వంటింట్లోంచే, “కాదండీ, అసలు తిరుమలగిరి వేరే వున్నది. ఫణిగిరి పక్కన” అని గట్టిగా జవాబు చెప్పింది.

ఆ తరువాత అటక మీది నుంచి పెద్ద జాడీ దింపమన్నది. ఏడాదికి చిన్న జాడీ చాలదట.